పన్నెండు మంది పడవ

రాఘవేందర్ పటేలు పొద్దున్నే కారు తోలుకుని తన గుడిసె ముందుకే వచ్చి హారన్ కొట్టేసరికి, ఏదో పెద్ద పనే పడి ఉంటుందని జంగయ్య అనుకున్నాడు. వీపనగండ్ల మండలంలో కృష్ణ ఒడ్డునున్న ఆ ఊళ్ళో, పటేలు కారు కూలోళ్ళ వాడ దాకా రావడం ఓట్లప్పుడు తప్ప ఎవరూ చూసి ఎరగరు.

“జర మంచి అంగి తొడుక్కో జంగా. పట్నం పోయొద్దాం.”

“ఏం పని పటేలా?”

“తొవ్వల చెప్త గని, ఎక్కు.”

భార్య ఎస్తేరమ్మ క్రిస్మస్‌కు కుట్టించిన తెల్లంగీ పెట్టెలోంచి తీసిచ్చింది. పటేలు పత్తి చేన్లకు కావలి ఉండేవాడికి పట్నంలో ఏం పనో ఆమెకూ అంతుబట్టలేదు. “దూరం పని జెప్తే ఒప్పుకోకు, ఎంటనే మాటియ్యకు” అని మాత్రం గుమ్మంలో నిలబడి మెల్లగా అంది.

కారు కొత్తకోట దాటి పెద్ద రోడ్డెక్కింది. చలికి అద్దాలు మసకబారాయి. బయట పొగమంచులో లారీల దీపాలు తప్ప ఏమీ కనబడటం లేదు. పటేలు హుషారుగా ఉన్నాడు.

“పట్నంల పడవల ఎగ్జిబిషన్ పెట్టిండ్రు జంగా. పెద్ద హాల్ల. విదేశాలవి, బొంబాయివి, అన్ని కొత్త మోటారు పడవలు. ఒకటి కొందామనుకుంటున్న. డ్యాం ఎనుక నీళ్ళ మీద తిప్పుదాం. ఆదివారమొస్తే సోమశిల దిక్కు కార్లు ఎన్ని పోతున్నయో సూస్తలేవా? గా జనం మన రేవుకు గూడ వస్తరు.”

జంగయ్య తెల్లంగీ గుండీ పట్టుకుని తిప్పుతూ కూర్చున్నాడు.

“నడిపెటోడివి నువ్వే. నీకంటె నీళ్ళ సంగతి ఎర్కున్నోడు ఇంకెవడున్నడు?”

“నేను నీళ్ళ జోలికి పోక చాన యేండ్లాయె పటేలా.”

“అందుకే రమ్మన్న. ఒకసారి సూస్తె మనసు మల్లుతది.”

జంగయ్య కిటికీ అద్దం మీది మసక తుడిచి బయటికి చూశాడు. నీళ్ళు అవతల ఒడ్డుకు పోవడానికి దారి అని చిన్నప్పటినుంచీ నమ్మినవాడు అతను. మేనమామ దగ్గర, గుండ్రటి బుట్టలాంటి పుట్టిని నీళ్ళ మీద తిప్పడం నేర్చాడు. పటేలు మర పడవ కొన్నాక దానికి డ్రైవరయ్యాడు. మిరపకాయ ఏరే రోజుల్లో వాడలోని ఆడవాళ్ళందరినీ పొద్దున అవతలికి దించి, పొద్దుగూకే ముందు ఇవతలికి తెచ్చేవాడు. ఒకనాడు అట్లా వాళ్ళను వెనక్కి తేలేకపోయాడు.

ఆనాడు అవతలి ఒడ్డున పటేలు కౌలు చేను ఏరడం అయిపోయింది. మబ్బు కమ్ముకొచ్చింది. మిరప బస్తాలు తడుస్తాయని పటేలుకు తొందర. కూలీ ఆడవాళ్ళతోపాటు బస్తాలు కూడా ఎక్కించమన్నాడు. “రెండు తిప్పలేస్త పటేలా, ముందు మనుషులను దించొస్త” అని జంగయ్య బతిమాలాడు. “రెండు తిప్పలేసేసరికి నా పంట నానిపోతది. ఏం గాదు, ఎక్కియ్యి” అన్నాడు పటేలు. ఆడవాళ్ళు బస్తాల మీద ఎక్కి కూర్చున్నారు. నడి ఏట్లో గాలి తిరిగింది. పడవ ఒక పక్కకు ఒరిగింది, బస్తాలు జారాయి, బస్తాల వెంట మనుషులు జారారు. తొమ్మిది మంది పోయారు. వాళ్ళలో జంగయ్య చెల్లెలు మణెమ్మ ఒకతి.

ఠాణాలో పెద్దమనుషులు కూర్చున్నారు. పటేలు పేరు బయటికొస్తే ఊరికి బతుకుదెరువే ఉండదన్నారు. జంగయ్య ఇంటిని తాను చూసుకుంటానని పటేలు చేతిలో చెయ్యి వేశాడు. అప్పటికి జంగయ్యకు చెల్లెలి శవం తప్ప కళ్ళముందు ఏదీ లేదు. ఏం చెప్పమంటే అది చెప్పాడు. రెండు కిరాయిల ఆశకు నేనే ఎక్కువ మందిని ఎక్కించానన్నాడు. జైలుకు పోయాడు, వచ్చాడు. పటేలు మాట తప్పలేదు. జంగయ్యకు కావలి పని, ఎస్తేరమ్మకు పత్తి గింజల మిల్లులో పని ఇప్పించాడు. తల్లి మల్లమ్మ మాత్రం కొడుకుతో మాట్లాడటం మానేసింది. చనిపోయిన కూతురి ఇంట్లోనే ఒంటరిగా ఉంటోంది. ఎదురుపడితే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని పోతుంది.

ఇదంతా కారులో ఉన్న ఇద్దరికీ తెలుసు. అందుకే షాద్‌నగర్ దాటేదాకా పటేలు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

ఆ హాలు లోపల ఎంత పెద్దదంటే, వాడలోని ఇళ్ళన్నీ తెచ్చి పెట్టినా ఇంకా జాగా మిగిలేలా ఉంది. బయట చలి, లోపల అంతకన్నా చలి. నేలంతా నీలం తివాచీ పరిచి, పైనుంచి నీలం దీపాలు తిప్పుతున్నారు. అవి తివాచీ మీద అలల్లా కదులుతున్నాయి. ఎక్కడా నీటి చుక్క లేదు. ఇనుప కాళ్ళ మీద పడవలు నిలబెట్టి ఉన్నాయి. తెల్లగా, నున్నగా, అద్దాలతో మెరిసిపోతున్నాయి. కొత్త రంగు వాసన, కాఫీ వాసన, అత్తరు వాసన కలిసిపోయి ఉన్నాయి. సూట్లు వేసుకున్నవాళ్ళు, పట్టుచీరల వాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు పడవల ముందు ఫోటోలు దిగుతున్నారు.

నడి హాల్లో అన్నిటికన్నా పెద్దది ఉంది. దాని కిందుగా నడుస్తూ జంగయ్య తలెత్తి చూశాడు. చూసి అక్కడే ఆగిపోయాడు.

పడవ అడుగు కనబడింది. ముందు కొస నుంచి వెనక మర రెక్కల దాకా, మొత్తం, నెత్తి మీద.

నీటి మీద బతికినవాడు పడవను పక్కనుంచి చూస్తాడు, పైనుంచి చూస్తాడు. ఒడ్డున బోర్లించి తారు పూసేటప్పుడు అడుగునూ చూస్తాడు. కానీ కింద తను ఉండి, పైన పడవ ఉండి, దాని అడుగును చూడటం జంగయ్యకు ఇదివరకు ఒక్కసారే జరిగింది. ఆనాడు మునిగి కళ్ళు తెరిచినప్పుడు నీలాకుపచ్చ వెలుతురులో పడవ నల్లగా నెత్తి మీద కనబడింది. చుట్టూ చీర కొంగులు తేలుతున్నాయి. మిరపకాయలు ఎర్రగా పైకి పోతున్నాయి.

“ఏమైందిరా? రా” అని పటేలు చెయ్యి పట్టి గుంజాడు. జంగయ్య ఊపిరి బిగబట్టి నడిచాడు. అవతలికి పోయాకే గాలి పీల్చుకున్నాడు.

జయశ్రీ అని పడవల కంపెనీ అమ్మాయి వాళ్ళను పలకరించింది. చక్కటి తెలుగు. నవ్వు మొహం. “చెప్పులు ఇక్కడ విడవండి సార్” అంది. జంగయ్య పగుళ్ళ కాళ్ళతో తెల్లటి మెట్ల మీద అడుగు వేయడానికి జంకితే, “పర్లేదు, రండి పెదనాన్నా” అంది. ఆ మాటకు అతనికి ఏడుపొచ్చినంత పనయింది.

లోపల మంచాలున్న గది, వంటగది, అద్దాల స్నానాల గది, తోలు సోఫాలు. పటేలు ప్రతి తలుపూ తీసి చూశాడు, ప్రతి మీటా నొక్కాడు. ఇది సముద్రానికని, ఎనుక నీళ్ళకు చిన్నది చాలని జయశ్రీ చెప్పింది. పక్కనున్న చిన్న పడవ ఎక్కించింది. పైన గొడుగులా కప్పు, చుట్టూ మెత్తటి బల్లలు, ముందు కారుకున్నట్టే స్టీరింగు.

“కూర్చోండి పెదనాన్నా, నడిపేది మీరే అంటున్నారుగా.”

జంగయ్య కూర్చున్నాడు. చేతులు తమంతట అవే చక్రం మీదికి పోయాయి. ఎన్నాళ్ళయినా చేతులు మరిచిపోలేదు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణమే, అతని ప్రాణానికి హాయిగా అనిపించింది. ఆ హాయికి తనమీద తనకే రోత పుట్టి చేతులు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

“దీంట్ల ఎంతమంది పడ్తరమ్మా?” పటేలు అడిగాడు.

“డ్రైవరుతో కలిపి పన్నెండు మంది సార్. అందరికీ లైఫ్ జాకెట్లు మేమే ఇస్తాం. చూడండి, ఆ లెక్క రాసిన రేకు కూడా ఇక్కడ బిగించి ఉంటుంది.”

పటేలు ఆ రేకును గోటితో గీకి చూసి నవ్వాడు. “పన్నెండు మందా? ఆదివారం మా రేవుల జనం ఎగబడ్తరు. ముప్పై మందిని కూసోవెట్టొచ్చు, ఏం గాదు. గీ రేకు ఇప్పుకుంటె వస్తదా?”

జయశ్రీ నవ్వు సగంలో ఆగింది. “అట్లా చేయకూడదు సార్. బరువెక్కితే ఒరుగుతుంది.”

“నీకు తెల్వదు బిడ్డా. మా జంగయ్య ముప్పై మందితోని, పైకెల్లి బస్తాలతోని నడిపినోడు. గాలి గొట్టినా నడిపినోడు. ఏమంటవ్ జంగా?”

పటేలు అన్నది మనసులో ఏదో పెట్టుకుని కాదు. అమ్మాయి ముందు తన మనిషి గొప్ప చెప్పుకుందామని నోటికొచ్చినట్టు అన్నాడంతే. కానీ ఆ మాట జంగయ్య గుండెలో గడ్డపార దిగినట్టు దిగింది. అంటే ఈయన మరిచిపోయాడు. లేదా జంగయ్య ఠాణాలో చెప్పిన అబద్ధాన్ని అందరికన్నా ముందు ఈయనే నమ్మేశాడు.

“నడిపిన” అన్నాడు జంగయ్య. “అందరు రాలే, పటేలా.”

జయశ్రీ ఇద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూసింది. “ఏమైంది?” అంది.

“పాత ముచ్చటమ్మా, ఇడ్సిపెట్టు” అన్నాడు పటేలు.

“తొమ్మిది మంది సచ్చిపోయిండ్రు తల్లీ” అన్నాడు జంగయ్య. “నా చెల్లె గూడ. పన్నెండంటె పన్నెండే అని జెప్పు. ఆయనకు ఇంకోసారి జెప్పు.”

అతను మెట్లు దిగి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు. వెనక జయశ్రీ ఏదో అడుగుతోంది, పటేలు ఏదో సర్దిచెబుతున్నాడు. జంగయ్య చుట్టూ తిరిగి గోడ వెంబడి నడిచాడు. ఈసారి ఏ పడవ కిందికీ పోలేదు.

బయట పార్కింగు దగ్గర పటేలు అతన్ని అందుకున్నాడు. తిడతాడనుకుంటే తిట్టలేదు. రెండు చాయలు తెచ్చి ఒకటి చేతిలో పెట్టాడు.

“నలుగుర్ల గట్ల మాట్లాడొచ్చునా?”

“నేను నడపను పటేలా.”

“నాకు బాధ లేదనుకుంటున్నవా? ఎండిన మిరపకాయ వాసనొస్తె నాకు గూడ అన్నం దిగదు. మా ఇంట్ల ఈ దినానికి మిరప చేను పెట్టలే. నువ్వు సూస్తలేవా?” పటేలు గొంతు తగ్గించాడు. “గని ఎంతకాలమని ఏడ్సుకుంట కూసుంటం? బతకాలె గద.”

“మల్ల ముప్పై మంది అంటివి.”

“నోరు జారిందిరా.”

“ఆనాడు గూడ గట్లనే అంటివి. ఏం గాదంటివి.”

పటేలు మొహం మారింది. చాయ గ్లాసు పక్కన పెట్టాడు. “ఆనాడు ఎవరెక్కిచ్చిండ్రో ఠాణల నువ్వే జెప్పినవ్. కోర్టుల నువ్వే ఒప్పుకున్నవ్. ఇప్పుడు వేరే మాట జెప్తె ఊళ్ళ నమ్మెటోడెవడు? నిన్ను, నీ ఇంటిదాన్ని ఇన్నేండ్లు ఎవరు సూసుకున్నరో అది గూడ జర యాది జేసుకో.”

నిజంగానే నమ్మేవాడు లేడు. జంగయ్య చాయ తాగకుండా గ్లాసు గోడ మీద పెట్టి, బస్సుల రోడ్డు ఎటో అడుగుతూ వెళ్ళిపోయాడు. పటేలు రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవలేదు.

వనపర్తి బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఏమీ ఆలోచించలేదు. ఇల్లు చేరాక ఎస్తేరమ్మకు జరిగింది చెప్పాడు. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసి, “నా మిల్లు పని గూడ పాయె” అంది. మళ్ళీ తనే కళ్ళు తుడుచుకుని, “పోతె పోనీ. ఆ నౌకరిల ఎన్నడు కడుపు నిండ తిన్నం” అంది.

మర్నాడు పొద్దు పొడవగానే జంగయ్య తల్లి దగ్గరికి వెళ్ళాడు. మల్లమ్మ వాకిట్లో చాటలో జొన్నలు చెరుగుతోంది. కొడుకును చూసి లేచి లోపలికి పోబోయింది. అతను గుమ్మానికి అడ్డం కూలబడ్డాడు.

“అమ్మా, ఒక్క మాట ఇని పో. ఆనాడు నేను ఎక్కియ్యలే. రెండు తిప్పలేస్తనన్న. పటేలే బస్తాలెక్కియ్యమన్నడు. ఠాణల నాతోని గట్ల జెప్పిచ్చిండ్రు.”

ఇన్నేళ్ళు గొంతులో అడ్డం పడ్డ ఎముక బయటికి వచ్చింది. ఇక తల్లి ఏడుస్తుందనుకున్నాడు. దగ్గరికి తీసుకోకపోయినా తలమీద చెయ్యన్నా పెడుతుందనుకున్నాడు. మల్లమ్మ చాట కింద పెట్టింది. జొన్నల్లో రాయేదో కనబడితే ఏరి పారేసింది.

“ఎక్కియ్యమన్నది ఆయనే” అంది మెల్లగా. “నడిపింది నువ్వే గద కొడుకా.”

కొడుకును పక్కకు తప్పించి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. కోపంతో వేయలేదు. గాలికి పడ్డట్టు నెమ్మదిగా పడింది తలుపు. జంగయ్య ఆ వాకిట్లోనే ఎండ నెత్తి మీదికొచ్చేదాకా కూర్చున్నాడు. తల్లి అన్నది అబద్ధం కాదని కూర్చున్నకొద్దీ తెలిసింది. తాళంచెవి తన చేతిలో ఉంది. మర ఆపి ఒడ్డున కూర్చుంటే పటేలు తిట్టేవాడు, మహా అయితే పని తీసేసేవాడు. ఆ తిట్టుకు భయపడ్డాడు. జరిగింది అంతే.

తరువాత వాడలో ఆడమనిషి పోయిన ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పాడు. ఒక ఇంట్లో విన్నారు. ఒక ఇంట్లో తిట్టారు. యోహాను అని భార్య పోయినవాడు, “ఇన్నేండ్లకు పని పోయినాక యాదికొచ్చిందా?” అని మొహం మీదే అడిగాడు. మండల కచేరిలోనూ చెబితే, సారు అర్జీ రాసిన కాగితం తెమ్మన్నాడు. కాగితం తీసుకుపోతే పై ఆఫీసుకు పొమ్మన్నాడు.

ఎండలు ముదరకముందే పడవ లారీ మీద వచ్చింది. పక్క జిల్లా నుంచి మహేందర్ అనే డ్రైవరును తెచ్చుకున్నారు. రేవుకు మెట్లు కట్టారు, జెండాలు కట్టారు. మొదటి ఆదివారం ఊరివాళ్ళకు పైసా లేకుండా ఉత్తగనే తిప్పుతామని టముకు వేయించారు. వాడంతా కదిలింది. పెళ్ళాన్ని పోగొట్టుకున్న యోహాను కూడా మనవరాలిని చంకనేసుకుని వచ్చాడు. ఉత్తగ తిప్పుతామంటే ఏటి మీద కోపం ఎవరికి గుర్తుంటుంది?

జంగయ్య మెట్ల పక్కన నిలబడ్డాడు. ఎక్కేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

“పన్నెండు మంది నిండిండ్రు. ఇగ ఎక్కకుండ్రి. మల్ల తిప్పల పోండ్రి.”

“జైలుకు పోయొచ్చినోడు మనకు జెప్తుండు సూడు” అని ఎవరో అన్నారు. నవ్వారు. ఎక్కుతూనే ఉన్నారు. పటేలు మనుషులు వచ్చి జంగయ్యను రెక్కపట్టి రాళ్ళవైపు నెట్టారు. పటేలు దూరంగా షామియానా కింద నిలబడి చూశాడు, చూసి మొహం తిప్పుకున్నాడు. పడవ మీద పన్నెండు మందని రాసిన రేకు ఉండాల్సిన చోట రెండు బెజ్జాలు మాత్రమే ఉన్నాయి.

పడవ కదిలింది. అందులో ఎంతమంది ఉన్నారో జంగయ్య లెక్కపెట్టడం మానేశాడు. రాళ్ళ మీద చతికిలబడి దాన్నే చూస్తున్నాడు. అంచు నీటికి జానెడు ఎత్తున పోతోంది. పిల్లలు కేరింతలు కొడుతున్నారు.

పక్కన ఎవరో కూర్చున్న అలికిడయింది. మల్లమ్మ. మణెమ్మ పోయినప్పటినుంచీ ఆమె ఏటి మొహం చూడలేదు. కట్టె ఒళ్ళో పెట్టుకుని, కొడుకువైపు కాకుండా నీళ్ళవైపు చూస్తూ అడిగింది.

“మునిగేటప్పుడు నిన్ను పిలిసిందా?”

జంగయ్య ఈ ప్రశ్న కోసమే ఇన్నేళ్ళు భయపడ్డాడు. లేదని చెప్పొచ్చు. లేదని చెబితే ముసలిదానికి కాస్త నిద్ర పట్టొచ్చు. కానీ అతనికి ఇంకో అబద్ధం చేతకాలేదు.

“పిలిసింది అమ్మా. అన్నా అన్నది. ఆమె దిక్కే ఈదుతున్న. ఇంకో ఆమె నా కాలు పట్టుకున్నది. ఆమెను ఒడ్డుకేసి మల్లిపోయేసరికి…”

“లేదా?”

“లేదు.”

మల్లమ్మ ఏడవలేదు. తల ఊపింది. ఆమె చెయ్యి రాయి మీద ఉంది, కొడుకు చెయ్యికి బెత్తెడు దూరంలో. ఆ బెత్తెడు ఇద్దరూ దాటలేదు.

పడవ నడి ఏట్లో తిరిగింది. తిరిగేటప్పుడు ఒక పక్కకు వాలింది. కేరింతలు ఒక్కసారి ఆగాయి. జంగయ్య లేచి నిలబడ్డాడు. మల్లమ్మ కూడా కట్టె ఊతంతో లేచింది. పడవ మళ్ళీ సర్దుకుంది. నవ్వులు వినబడ్డాయి. ఒడ్డుకు చేరింది, అందరూ దిగారు. ఆ ఆదివారం ఏమీ కాలేదు.

దిగేవాళ్ళు ఇంకా దిగుతుండగానే, అంతకంటే ఎక్కువ మంది మెట్ల మీద తోసుకుంటున్నారు. జంగయ్య ఎక్కేవాళ్ళను లెక్కపెట్టడానికి మళ్ళీ ఆ మెట్లవైపు నడిచాడు.